మీకు తెలుసా? బరువు తగ్గకుండానే బీపీ దిగింది

బీపీ తగ్గాలంటే ముందు బరువు తగ్గాలనుకుంటాం. అమెరికాలో జరిగిన ‘డాష్’ పరిశోధనలో మాత్రం ఎవరి బరువూ పెరగకుండా, తరగకుండా చూసుకున్నారు. పళ్లు, కూరగాయలు, కొవ్వు తక్కువున్న పాలు, పెరుగు ఎక్కువగా పెట్టారు. కొవ్వులు, తీపి తగ్గించారు. ఈ ‘డాష్’ భోజనంతో రెండు వారాల్లోనే రక్తపోటు దిగింది! ఈ ఫలితాలు 1997లో వెలువడ్డాయి.

2001లో వచ్చిన రెండో పరిశోధనలో ఉప్పునూ తగ్గించారు. 412 మంది పాల్గొన్నారు. బీపీ ఉన్నవారిలో, బాగా ఉప్పు వేసిన మామూలు అమెరికా భోజనంతో పోలిస్తే, తక్కువ ఉప్పు డాష్ భోజనం తిన్నవారి బీపీలో పై అంకె సగటున 11.5 తక్కువగా తేలింది. ఇది దాదాపు ఒక బీపీ మాత్ర చేసే పని. బీపీ లేనివారిలోనూ 7.1 తేడా కనిపించింది. చెడు కొలెస్ట్రాల్ తగ్గింది మాత్రం భోజనం మారడం వల్లే, ఉప్పు తగ్గడం వల్ల కాదు. అందుకే రెండూ కావాలి.

రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే చెంచాడు కూడా నిండదు. మన ఇళ్లలో అది కూర, పప్పు, చారుతోనే అయిపోతుంది. ఆ పైన ఆవకాయ, అప్పడం, పెరుగన్నంలో ఊరమిరపకాయ, మజ్జిగలో మళ్లీ చిటికెడు. ముందు ఈ చివరి చిటికెడు మానేయండి, కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది.

బజారులో దొరికే ‘లో సోడియం’ ఉప్పుల్లో చాలావరకు పొటాషియం ఉంటుంది. కిడ్నీ జబ్బున్నవారు, కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారు డాక్టరును అడగకుండా వాటిని వాడకూడదు.