గీత ఒకరిది, తూము ఒకరిది

గద్వాల, అలంపూర్ వాళ్లు తమ సీమను నడిగడ్డ అంటారు. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క తుంగభద్ర, నడుమ ఈ గడ్డ. రెండు నదుల మధ్య ఉండి కూడా మొగులు వంక చూసి బతికిన పల్లెలు ఇక్కడివి. ఎందుకని తవ్వుకుంటూ పోతే 1956 దగ్గర తేలతాం.

ఆ ఏడాది ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు నలుగురేసి కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. తెలంగాణ తరఫున బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. ‘కలుస్తాం గానీ...’ అంటూ వాళ్లు గీసిన గీతలు కొన్ని. ఉద్యోగాలకు ముల్కీ (స్థానికత) నిబంధన ఉండాలి. ముఖ్యమంత్రి అటువాడైతే ఉప ముఖ్యమంత్రి ఇటువాడు కావాలి. తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే దక్కాలి. తీరా మొదటి మంత్రివర్గంలోనే ఉప ముఖ్యమంత్రి కుర్చీ కనబడలేదు. (58 ఏళ్లకు రాజ్యసభ విభజన బిల్లును ఆమోదించింది కూడా ఫిబ్రవరి 20నే. కాలానికీ కాస్త వెటకారం ఉంటుంది కాబోలు.)

కుర్చీల గీతల మీద అంత పంచాయితీ నడిచింది. నడిగడ్డ తలరాత మాత్రం ఇంకో గీత మార్చేసింది. 1956 నవంబరు 1న రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది, దానితోపాటే తుంగభద్ర మీది రాజోలిబండ ఆనకట్టా పోయింది. 87,500 ఎకరాల ఆయకట్టు ఇటు మిగిలింది. కృష్ణా నీటి వాటాలు తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ ఈ ఆనకట్ట కాలువలో ఇటువైపుకు 15.9 టీఎంసీలు రాసిచ్చింది. రాత మన దగ్గర, తూము పరాయిచోట. ఈ నీటి గోస మీదే 2003లో కేసీఆర్ అలంపూర్ నుంచి గద్వాల దాకా నడిచారు. 2014 జూన్ 2 నుంచి ఎదురుగట్టు కర్నూలూ వేరే రాష్ట్రమైంది. ఇప్పుడు ఆనకట్టను బాగుచేయాలన్నా మూడు రాష్ట్రాలు తలూపాలి. అది అయ్యేది కాదని తెలిసే, నదిలోంచి నేరుగా తోడుకునే తుమ్మిళ్ల ఎత్తిపోతలకు దిగారు. పంతం నెగ్గలేదు, పక్కదారి దొరికింది.

యూరప్‌తో తెగదెంపులకు కూర్చున్న బ్రిటన్‌కూ ఒక రాజోలిబండ ఎదురైంది. అది ఐర్లండ్ సరిహద్దు. ఒకే సుంకాల కూటమిలో ఉండం, జనం రాకపోకలకు తలుపులు బార్లా తెరవం, యూరప్ కోర్టు మాట వినం అని ప్రధాని థెరెసా మే గిరి గీసుకున్నారు. అదే నోటితో ఐర్లండ్ సరిహద్దులో తనిఖీ చౌకీలు పెట్టబోమన్నారు. సుంకాలు వేరైతే సరుకును ఎక్కడో ఒకచోట ఆపి చూడక తప్పదు కదా! ఆమె తెచ్చిన ఒప్పందం 2019 జనవరి 15న పార్లమెంటులో 432–202తో వీగిపోయింది. తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ ఆ చౌకీలను సముద్రం మీదికి, అంటే సొంత దేశం రెండు ముక్కల మధ్యకు జరిపి 2020 జనవరి 31న బయటపడ్డారు. గీత చెరగలేదు, చోటు మారిందంతే.

మనవాళ్లు అంత దూరం పోలేదు. 2015 జూన్‌లో ఢిల్లీలో కూర్చుని, 811 టీఎంసీల కృష్ణా నీటిలో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. ఆ ఒక్క ఏడాదికే అన్నారు. ఆ ఏడాది ఇంకా గడవలేదు! ఆంధ్ర 512 నుంచి దిగనంటుంది, తెలంగాణ 299 చాలదంటుంది. తాత్కాలికమన్న మాట ఇద్దరికీ చేసే మేలు ఒకటుంది. మేం ఒప్పుకోలేదని ఇద్దరూ ఇంటికెళ్లి చెప్పుకోవచ్చు. దీన్ని చేతగానితనమని కొట్టిపారేయను. సంతకం పెడితే ఓట్లు పోతాయి, పెట్టకపోతే కొట్లాట. ఈ రెంటి మధ్య నీళ్లు పారించడమూ రాజకీయమే. కాకపోతే దాని ఖరీదు కట్టేది వనపర్తి, నాగర్‌కర్నూల్ చివరి ఆయకట్టు.

2023 సెప్టెంబరు 16న నార్లాపూర్ దగ్గర పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల తొలి మోటారు తిప్పారు. 90 టీఎంసీలు తోడాలని ఆలోచన. వాటా ఎక్కడిదని ఆంధ్ర అడుగుతోంది. మరుసటి నెలలోనే కేంద్రం వాటాల లెక్కను మళ్లీ బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ముందు పెట్టింది. శ్రీశైలం వెనుక జలాలకు ఆ గట్టున పోతిరెడ్డిపాడు గేట్లు, ఈ గట్టున కల్వకుర్తి, పాలమూరు మోటార్లు. వరదొచ్చిన ఏడాది ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. రానప్పుడు కృష్ణా బోర్డుకు ఉత్తరాలు మొదలవుతాయి.