మిర్యాలగూడ మిల్లు ముందు క్యూ... నా పీహెచ్‌డీ టాపిక్ అయింది!

“కొలువు ఇడిసిపెట్టి మల్ల సదువా బిడ్డా? ఫీజు ఎంతైతది?”

పీహెచ్‌డీ మాట ఎత్తగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇదే. కోదాడ దగ్గర మా ఊళ్లో చదువంటే ఖర్చే. నా బీటెక్ లోన్ తీరి రెండేళ్లు కూడా కాలేదు. “మనం కట్టేదానికన్నా వాళ్లు నెలనెలా మనకిచ్చేదే ఎక్కువ నాన్నా” అన్నా. ఆయన నమ్మలేదు.

ఇంతకీ ఏంటీ సబ్జెక్ట్?

నేను అప్లై చేస్తున్నది కాంప్లెక్స్ సిస్టమ్స్ సిమ్యులేషన్‌లో. పేరు చూసి భయపడకండి. ట్రాఫిక్ జామ్, అంటువ్యాధి, మార్కెట్... వీటిలో ఒక్కొక్కరూ తమకు తోచిన చిన్న లెక్కతో నడుస్తారు. అందరూ కలిసేసరికి ఎవరూ కోరుకోనిది జరుగుతుంది. అది ఎందుకు జరిగిందో కంప్యూటర్‌లో మళ్లీ నడిపించి చూడటమే సిమ్యులేషన్. 2021 ఫిజిక్స్ నోబెల్ కాంప్లెక్స్ సిస్టమ్స్‌పై పనికే ఇచ్చారు. మనాబే, హాసెల్‌మన్, పరీసీ పంచుకున్నారు.

మొదటి ఏడాది బోల్తా

తొలిసారి పదిమంది ప్రొఫెసర్లకు ఒకే మెయిల్ పంపా. ‘మీ రీసెర్చ్ అంటే నాకు చాలా ఇష్టం’ అని! ఒక్కరూ రిప్లై ఇవ్వలేదు. ఎలాగోలా ఒక చోట ఇంటర్వ్యూ దాకా వెళ్లా. “మీరు దేన్ని సిమ్యులేట్ చేద్దామనుకుంటున్నారు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. పైథాన్ వచ్చని చెప్పా. పది నిమిషాల్లో బయటికొచ్చేశా.

జవాబు మా ఇంటి ముందే ఉంది. కోతలప్పుడు నాన్న పచ్చి వడ్లు ట్రాక్టర్‌లో వేసుకుని హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మిర్యాలగూడ వెళ్తారు. ఒక్కోసారి మిల్లు ముందు రెండు రాత్రులు పడిగాపులు. 2020లో ఈ ప్రాంతంలో సన్న వడ్లకు టోకెన్లు పెడితే, టోకెన్ల కోసమే మళ్లీ క్యూ కట్టారు.

100 ట్రాక్టర్లు, 100 మిల్లులు

ఈ సమస్యకు దగ్గరిది ఒకటి పరిశోధనల్లో ఇప్పటికే ఉందని తర్వాత తెలిసింది. పేరు ‘కోల్‌కతా పైస్ రెస్టారెంట్ ప్రాబ్లం’. అక్కడి భౌతికశాస్త్రవేత్త బికాస్ చక్రబర్తి బృందం 2009లో దీనిపై పేపర్ రాసింది. కూలీలు మధ్యాహ్నం చౌక హోటల్‌కి వెళ్తారు. అక్కడ రష్ ఉంటే ఇంకో హోటల్‌కి వెళ్లే టైమ్ ఉండదు.

దీన్ని మన మిల్లులకు పెట్టి చూడండి. 100 ట్రాక్టర్లు, 100 మిల్లులు, మిల్లుకు రోజుకు ఒక్క ట్రాక్టరే అనుకుందాం. అందరికీ చోటుంది. కానీ ఎవరికి వారు గుడ్డిగా ఒక మిల్లు ఎంచుకుంటే, సగటున 63 మిల్లులకే వడ్లు వస్తాయి. 37 ఖాళీగా ఉంటాయి. అంటే 37 ట్రాక్టర్లు క్యూలోనే! పైథాన్‌లో పది లైన్లు రాస్తే ఈ లెక్క మీరే చూడొచ్చు.

నాన్నకు చూపించా. ఆయన నవ్వి, “గుడ్డిగ ఎవడు పోతడు? ఏ మిల్లుల ఎట్లుందో ముందు ఫోన్ చేసి అడుగుతం. ఖాళీ ఉందంటే అందరం ఆడికే పోతం. పచ్చి వడ్లు వెనక్కి తెస్తే పాడైతయి, ట్రాక్టర్ కిరాయి మీద పడుతది, అందుకే ఆడనే ఉంటం” అన్నారు. రెండు నిమిషాల్లో నా మోడల్‌కు కావాల్సిన మూడు రూల్స్ చెప్పేశారు.

ఆ రూల్స్‌తో రాసిన ఒక పేజీని, ఎవరి పేపర్ చదివి ఏ డౌట్ వచ్చిందో చెబుతూ, ఈసారి నలుగురికే పంపా. ఇద్దరు రిప్లై ఇచ్చారు.

మీరూ ట్రై చేస్తారా?

డిపార్ట్‌మెంట్ పేరు చూసి ఆగిపోకండి. ఈ పని ఫిజిక్స్‌లో, కంప్యూటర్ సైన్స్‌లో, ట్రాఫిక్ అయితే సివిల్‌లో కూడా జరుగుతుంది. చెన్నైలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ సైన్సెస్‌లో దీనిపై పరిశోధన ఉంది.

డబ్బు సంగతి: జేఆర్‌ఎఫ్ 2023 జనవరి నుంచి నెలకు 37,000. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే 42,000. ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్ అయితే 70,000తో మొదలు. 2025 బడ్జెట్‌లో అయిదేళ్లలో 10,000 ఈ ఫెలోషిప్‌లు ప్రకటించారు.

బీటెక్‌తోనే అయితే: అమెరికాలో చాలా యూనివర్సిటీలు నేరుగా పీహెచ్‌డీకి తీసుకుంటాయి. యూరప్‌లో ఎక్కువ చోట్ల మాస్టర్స్ అడుగుతారు. నెదర్లాండ్స్ లాంటి చోట్ల పీహెచ్‌డీ అంటే ఉద్యోగమే, కాబట్టి యూనివర్సిటీల జాబ్స్ పేజీలు చూడండి. మన ఐఐటీల్లో రూల్స్ ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. గేట్ స్కోర్ మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి, ఉద్యోగం చేస్తూనే రాసి పెట్టుకోండి.

నా లెక్క ఇంకా తేలలేదు

సూర్యాపేటలో కట్టుకున్న ఇంటికి ఈఎంఐ నెలకు 18,000. 37,000లో అది పోతే మిగిలేది 19,000. హాస్టల్‌లో ఉంటే నాకు సరిపోతుంది. కానీ ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే? అందుకే ఏడాదిగా ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టా. సీటు వచ్చాకే రాజీనామా.

వచ్చే వారం ఇంటర్వ్యూ. ఈ సీజన్‌లో నాన్న మిల్లు దగ్గర ఉన్నన్నాళ్లూ, గంటకు ఎన్ని ట్రాక్టర్లు వచ్చాయో, ఎన్ని లోపలికి పోయాయో నా పాత నోట్‌బుక్‌లో రాసుకొచ్చారు. “నీ కంప్యూటర్‌కి పనికొస్తదేమో సూడు” అని నిన్న వాట్సాప్‌లో 11 ఫొటోలు పంపారు. ఫీజు సంగతి మాత్రం మళ్లీ అడగలేదు.