బేలు కట్టని పత్తి

లాల్‌ఖదాన్‌లో చలి మొదలయ్యే ముందు మా ఇళ్ళల్లో పాత చీరలతో బొంతలు కుడతారు. ఈసారి మాలో ఒకరి అమ్మమ్మగారిని పాత యూనిఫాం కూడా అందులో వెయ్యమని అడిగితే ఒప్పుకోలేదు. "అది చెమట పీల్చదర్రా, ఒంటికి గుచ్చుకుంటుంది" అన్నారు.

ఎందుకో చూద్దామని, సైన్సు టీచరు దగ్గరుండగా రెండు దారాలు కాల్చాం. చీర దారం కాగితంలా కాలి బూడిదైంది. యూనిఫాం దారం ముడుచుకుని, కరిగి, నల్లటి గట్టి పూసలా మిగిలింది. అందులో ఎక్కువ భాగం పాలిస్టరు. అంటే పెట్రోలియం నుంచి తీసిన ప్లాస్టిక్కే. మట్టిలో పడేసినా ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది.

మరి నూలు బట్ట అయితే చాలా? అదీ పూర్తిగా కాదు. గింజ తీసిన దూదిని యంత్రాలతో గట్టిగా నొక్కి బేళ్ళు కడతారు. మన దేశంలో ఒక బేలు బరువు 170 కిలోలు. దూరంలోని మిల్లుకు చేరాక ఆ గట్టిపడిన దూదిని మళ్ళీ కొట్టి విడదీయాలి. నొక్కడానికి, మోయడానికి, కొట్టడానికి కరెంటూ డీజిలూ ఖర్చు. ఆ దెబ్బలకు పీచు కూడా నలుగుతుంది. ఒకప్పుడు మన పత్తిని ఓడల్లో ఇంగ్లండు మిల్లులకు పంపడానికి బేళ్ళు కావలసివచ్చాయి. చేనుకు దగ్గర్లోనే మగ్గం ఉన్నచోట వాటి అవసరమేమిటి?

హైదరాబాదు కేంద్రంగా పనిచేసే 'మల్ఖా' అనే చిన్న బ్రాండు ఈ ప్రశ్న నుంచే పుట్టింది. మల్‌మల్, ఖాదీ అనే మాటలు కలిపి పెట్టిన పేరది. చేనేత కోసం దస్తకార్ ఆంధ్ర సంస్థలో ఏళ్ళ తరబడి పనిచేసిన ఉజ్రమ్మ గారు దీనికి మూలం. 2008లో మల్ఖా మార్కెటింగ్ ట్రస్టు ఏర్పడింది. వీళ్ళు దూదిని బేలు కట్టరు. పత్తి పండే ప్రాంతాల్లోనే చిన్న యంత్రాలతో ఏకి, నూలు వడికి, చేనేత మగ్గాల మీద నేయిస్తారు. పీచు నలగదు కాబట్టి గుడ్డ మెత్తగా ఉంటుంది, గాలి ఆడుతుంది.

రంగుల సంగతి మాకు ఇంకా నచ్చింది. సహజ అద్దకంలో నీలానికి నీలిమందు, ఎరుపుకు మంజిష్ఠ, పసుపుకు దానిమ్మ తొక్క వాడతారు. నలుపు కావాలంటే తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టాలి. (వాసన మాత్రం అడగకండి!) రంగు గుడ్డకు పట్టడానికి కరక్కాయ, పటిక ఉపయోగపడతాయి.

ఇందులో ఇబ్బందులు లేవని కాదు. నూలు వడకడానికి కరెంటు కావాలి. అంటే రోజూ మా ఊరి మీదుగా వెళ్ళే కోర్బా బొగ్గు లాంటిది ఎక్కడో మండాలి. సహజ రంగు తానుకూ తానుకూ కొంచెం మారుతుంది. ధర మిల్లు గుడ్డ కంటే ఎక్కువ. ఇంట్లో ఐదుగురికి పండగ బట్టలు కొనాలంటే ఆ తేడా చిన్నది కాదు, ఆ మాట మా అమ్మలు వెంటనే అన్నారు కూడా. అయితే ఆ ధరలో వడికినవాళ్ళ, నేసినవాళ్ళ, అద్దినవాళ్ళ కూలి ఉంది. చవక చొక్కాలో వాళ్ళకెంత దక్కిందో చీటీ మీద ఎవరూ రాయరు. 'పర్యావరణ హితం' అని మాత్రం పెద్ద అక్షరాలతో రాస్తారు. అది చూసి కొనడం కంటే పత్తి ఎక్కడిది, ఎవరు నేశారు, రంగు దేనితో వేశారు అని దుకాణంలో అడగడం మేలనిపించింది.

మా ఊరికి దగ్గర్లోనే కోసా పట్టుకు పేరుపొందిన చాంపా ఉంది. మద్ది ఆకులు తినే పురుగుల గూళ్ళ నుంచి తీసే పట్టు అది. ఈ సెలవుల్లో అక్కడి మగ్గాల దగ్గరికి వెళ్ళి ఇవే ప్రశ్నలు అడగాలనుకుంటున్నాం.

బొంత పూర్తయింది. యూనిఫాం ముక్కలు సైకిళ్ళు తుడవడానికి మిగిలాయి.