కంప్యూటరు మెమొరీ: ఎప్పుడు చింతింపవలెను?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల రైతులలో పలువురు ఇప్పుడు విత్తనముల లెక్కలు, సంఘముల జమాఖర్చులు కంప్యూటరులోనే వ్రాయుచున్నారు. వారు తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: "మెమొరీ నూటికి 80 వంతులు నిండినట్లు చూపుచున్నది. యంత్రము చెడినదా? కొత్తది కొనవలెనా?" మెమొరీ నిండుట రోగము కాదు. ఆ ఒక్క అంకెను చూచి డబ్బు ఖర్చు పెట్టవద్దు.

కోత యంత్రములు వచ్చినను కళ్లము ఎరుగని రైతు లేడు. ధాన్యము నిలువయుండునది గాదెలో, పని జరుగునది కళ్లములో. కంప్యూటరులో ర్యామ్ అను మెమొరీ కళ్లము వంటిది. డిస్కు గాదె వంటిది. కరెంటు పోయినచో ర్యామ్‌లోనిది పోవును, డిస్కులోనిది నిలుచును. (కనుక లెక్కలు వ్రాయుచు నడుమ నడుమ భద్రపరచుచుండుడు.) కోతలనాడు కళ్లము ఖాళీగా ఉన్న ఎవరికి లాభము? యంత్రము కూడ మీరు మరల తెరవదగిన వానిని ర్యామ్‌లోనే పరచి ఉంచును. వేరొక పనికి చోటు కావలసినచో తానే తీసివేయును.

కళ్లము చాలక పనలను గాదెకు మోయుచు, మరల తెచ్చుచు ఉన్నప్పుడే చిక్కు. ర్యామ్ చాలనిచో కంప్యూటరును ఇట్లే చేయును. తిరుగుడు పళ్లెములుగల పాతరకపు డిస్కు ర్యామ్ కంటె దాదాపు లక్ష రెట్లు ఆలస్యముగా అందించును. అప్పుడు మీరు కొట్టిన అక్షరము కొంతసేపటికిగాని తెరపై కనబడదు. డిస్కు దీపము ఆరకుండ మినుకుచుండును.

విండోస్ యంత్రములో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు ఒక్కమారు నొక్కినచో టాస్క్ మేనేజర్ తెరచుకొనును. అందు మెమొరీ అను మాటపై నొక్కుడు. ఎక్కువ తినునది పైకి వచ్చును. తరచుగా అది బ్రౌజరే. అక్కరలేని పేజీలు మూయుడు. పని పెరుగకున్నను ఏదేని ప్రోగ్రాము వాడకము పూటపూటకు పెరిగి, మూసి తెరచిన తగ్గి, మరల పెరుగుచున్నచో దోషము దానిలోనిదే. గట్టుకు గండి పడిన కాలువకు నీరెంత వదలినను చాలదు గదా! ఆ ప్రోగ్రామును కొత్త కూర్పునకు మార్చుకొనుడు.

విండోస్ 11కు కనీసము 4 జీబీ ర్యామ్ ఉండవలెనని మైక్రోసాఫ్టువారి నిబంధన. అది నడచుటకు మాత్రమే. బ్రౌజరు, లెక్కలు కలిపి వాడువారికి 8 జీబీ మేలు. యంత్రము మార్చుటకు ముందు ర్యామ్ చేర్చు వీలున్నదేమో విచారింపుడు. కొన్ని ల్యాప్‌టాపులలో వీలుండదు.

ఫోనులో "స్టోరేజీ నిండినది" అని వచ్చుట గాదె సంగతి, కళ్లము సంగతి కాదు. దానికి వాట్సాప్ వీడియోలు తీసివేయుడు. తెగులు సోకిన ఆకును ఫొటో తీసి పంపబోవు వేళ చోటు లేకుండుటకంటె ముందుగా చేసికొనుట మంచిది. మెమొరీని ఖాళీ చేయుదుమను యాప్‌లు మాత్రము వేసికొనవద్దు. అవి ఖాళీ చేసినదానిని ఫోను మరల నింపుకొనును, నడుమ బ్యాటరీ ఖర్చగును.