నోకియా ఎన్9లోకి వాట్సాప్ వచ్చిన దొడ్డిదారి

2011 జూన్‌లో సింగపూర్‌లో నోకియా ఎన్9ను లోకానికి చూపించేనాటికే దాని తలరాత ఖాయమైపోయింది. అంతకు నాలుగు నెలల ముందే, ఇకమీదట తమ స్మార్ట్‌ఫోన్లు మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్‌తో వస్తాయని కంపెనీ అధిపతి స్టీఫెన్ ఈలాప్ ప్రకటించాడు. ఎన్9 నడిచేది మీగో అనే లినక్స్ రకం మీద. ముందువైపు ఒక్క బటన్ కూడా లేదు. తెర అంచు నుంచి వేలితో తోస్తే తెరిచి ఉన్న యాప్ పక్కకు తప్పుకునేది. 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్. ఆనాటికి చాలా మంచి ఫోను. కానీ రేపన్నది లేని ఫోనుకి యాప్ ఎవరు రాస్తారు? వాట్సాప్ రాయలేదు.

2009లో యాహూ మాజీ ఉద్యోగులు జాన్ కౌమ్, బ్రయాన్ ఆక్టన్ మొదలుపెట్టిన వాట్సాప్ అప్పటికే ఐఫోన్, బ్లాక్‌బెర్రీ, ఆండ్రాయిడ్, సింబియన్ అన్నీ చుట్టేసింది. 2011లోనే నోకియా ఎస్40 రకం ఫోన్లకీ వచ్చింది. అంటే ఎస్40 మీద నడిచే చవక ఆషా ఫోను కొన్నవాళ్లకి వాట్సాప్ ఉంది, అదే కంపెనీ ఖరీదైన ఎన్9 కొన్నవాళ్లకి లేదు.

దారి దొరకడానికి కారణం వాట్సాప్ పునాదే. దాని సర్వర్లు ఎర్లాంగ్ భాషలో రాసిన ఈజాబర్డ్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద పుట్టాయి. ఫోనూ సర్వరూ మాట్లాడుకునే తీరు ఎక్స్‌ఎంపీపీ, ఎవరైనా చదువుకోగల బహిరంగ ప్రమాణం. అయితే అందులో ప్రతిదీ అక్షరాల్లో పొడుగ్గా రాయాలి, 2జీ నెట్‌వర్క్ మీద అది భారం. అందుకని తరచూ వచ్చే మాటలన్నిటికీ వాట్సాప్ ఒక్కో బైటు గుర్తు పెట్టింది. యాప్‌కీ సర్వర్‌కీ మధ్య నడిచే డేటాను ఓపిగ్గా గమనించినవాళ్లు ఏ గుర్తుకి ఏ మాటో జాబితా రాసేశారు.

లాగిన్ సంగతి ఇంకా విచిత్రం. ఏ ఫోనులోనైనా *#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు కనిపిస్తుంది. ఆండ్రాయిడ్ వాట్సాప్ ఆ అంకెల్ని వెనక నుంచి ముందుకు తిప్పి రాసి, ఎండీ5 అనే లెక్కలో వేసి, వచ్చిన దాన్నే పాస్‌వర్డ్‌గా వాడింది. ఐఫోన్‌లో వైఫై చిరునామా ఆ పని చేసింది. మీ ఫోన్ నంబరుతో పాటు ఫోను డబ్బా మీద అచ్చేసి ఉండే ఐఎంఈఐ తెలిస్తే చాలు, ఎవరైనా మీ పేరుతో సందేశాలు పంపొచ్చన్నమాట. 2012లో ఇది బయటపడ్డాక, పాస్‌వర్డ్‌ను సర్వరే ఇచ్చే పద్ధతి వచ్చింది. మార్చడం ముమ్మాటికీ సరైనదే.

ఆ 2012లోనే ఎన్9కి వాజాప్ అనే యాప్ వచ్చింది. కంపెనీతో సంబంధం లేని ఒక ప్రోగ్రామర్ పైథాన్‌లో రాసింది. తర్వాత దాని గుండెకాయను విడదీసి యౌసప్ అనే లైబ్రరీగా అందరికీ ఇచ్చాడు. అంతకు ముందుతరం ఎన్900కి యాపరీ అనే మరో యాప్ పుట్టింది. ఇలాంటి యాప్‌లకి అసలు గండం నమోదు దగ్గర. ఎస్ఎంఎస్ కోడు పంపమని అడిగేటప్పుడు, యాప్ తన లోపల దాచుకున్న రహస్య అక్షరాలనూ మీ ఫోన్ నంబరునూ కలిపి లెక్కగట్టిన టోకెన్ చూపించాలి. ఆండ్రాయిడ్ యాప్‌లో ఈ లెక్క చిక్కుముడి. ఎస్40 యాప్‌లో తేలిక. అందుకే యౌసప్ సర్వర్ ముందు తనను నోకియా 302గా పరిచయం చేసుకునేది. కీప్యాడ్ ఆషా ఫోను వేషం అది! కొత్త వెర్షన్ వచ్చి రహస్యం మారిందా, ఔత్సాహికులు ఆ కొత్త యాప్‌ను విప్పి, వెతికి, మార్చేవరకూ ఈ యాప్‌లు మూగబోయేవి.

2014 ఫిబ్రవరిలో వాట్సాప్ తరఫున, ప్రోగ్రామర్లు కోడు పంచుకునే గిట్‌హబ్‌కి కాపీరైట్ నోటీసు వెళ్లింది, బయటివాళ్లు రాసిన కోడు తీసేయమని. అదే నెలలో ఫేస్‌బుక్ 1,900 కోట్ల డాలర్ల కొనుగోలు ప్రకటించింది. 2015 జనవరిలో అనధికార యాప్‌లు వాడేవారికి 24 గంటల నిషేధాలు మొదలయ్యాయి. 2016 ఏప్రిల్‌కి సందేశాలన్నిటికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ పూర్తయింది. ప్రతి సందేశానికీ కొత్త తాళంచెవి పుట్టించే పద్ధతి అది. యౌసప్ దాన్నీ నేర్చుకుంది. ఎన్9 ప్రాసెసర్‌కి ఆ లెక్కలు పెద్ద బరువూ కాదు. తీరిక వేళల్లో పనిచేసే కొద్దిమంది మాత్రం జీతాలిచ్చి నడిపే కంపెనీతో ఎన్నాళ్లని పరుగెత్తుతారు?

ఆలోగా అధికారిక తలుపులే మూసుకోసాగాయి. సింబియన్ ఎస్60కి 2017 జూన్‌తో, బ్లాక్‌బెర్రీ 10కి ఆ ఏడాది చివరితో, ఎస్40కి 2018 డిసెంబరుతో సెలవు. యౌసప్ ఒకప్పుడు వేసుకున్న ఆషా వేషానికి కూడా చోటు లేకుండా పోయింది.

ఇలా ఆపేయడానికి, పాత ఫోనుకి శక్తి చాలదని సాధారణంగా చెబుతారు. కానీ జియోఫోన్‌ను చూడండి. 1,500 రూపాయల డిపాజిట్‌తో మన ఊళ్లలోనూ ఇంటింటికీ చేరిన ఆ కీప్యాడ్ ఫోనులో ర్యామ్ 512 ఎంబీ, ఎన్9లో ఉన్నదాంట్లో సగం. అయినా 2018 సెప్టెంబరులో దానికోసం వాట్సాప్, ఆ ఫోను నడిచే కైఓఎస్ మీద ప్రత్యేకంగా యాప్ కట్టింది. టైపు చేయడం రానివాళ్లు మాట రికార్డు చేసి పంపేవారు. వాడేవాళ్లు కోట్లలో ఉంటే ర్యామ్ అడ్డం రాదు. జనం స్మార్ట్‌ఫోన్లకి మారాక, 2025 ఆరంభంలో కైఓఎస్‌కీ వాట్సాప్ ఆగిపోయింది. బాగున్న ఫోనును ఇలా పనికిరానిదిగా చేయడం నాకు అన్యాయంగానే తోస్తుంది. భద్రతా లోపాలు దిద్దేవారు లేని పాత ఆపరేటింగ్ సిస్టమ్‌తో ప్రమాదం ఉన్నమాట నిజమే. ఆ మాట వాడేవాళ్లకి చెప్పి, నిర్ణయం వాళ్లకే వదలొచ్చు.

ఇప్పుడున్న దారి వేరు. 2021లో వాట్సాప్ తెచ్చిన బహుళ పరికరాల పద్ధతిలో, అసలు ఫోను ఆన్‌లైన్‌లో లేకున్నా జతచేసిన కంప్యూటరు పనిచేస్తుంది. దాన్ని ఆసరా చేసుకుని ఔత్సాహికులు ఇంట్లో ఒక చిన్న కంప్యూటరును వంతెనగా పెడుతున్నారు. వాట్సాప్‌తో అది మాట్లాడుతుంది, దానితో పాత ఫోను మామూలు ఎక్స్‌ఎంపీపీలోనో, మేట్రిక్స్ అనే మరో బహిరంగ ప్రమాణంలోనో మాట్లాడుతుంది. ఎన్‌క్రిప్షన్ ఆ కంప్యూటరు దగ్గరే విడిపోతుంది కాబట్టి అది మీ సొంతదై ఉండాలి. ఖాతా మీద వేటు పడే భయమూ పోదు. పైగా నమోదుకి ఇంకో కొత్త ఫోను కావాల్సిందే.

2013లో మొదలైన టెలిగ్రామ్ మాత్రం బయటివాళ్లూ యాప్‌లు రాసుకునేలా తన ఏపీఐని బహిరంగంగా ఇచ్చింది. అందుకే వాట్సాప్ వదిలేసిన సింబియన్‌కి కూటెగ్రామ్ అనే టెలిగ్రామ్ యాప్ పుట్టింది. మామూలు టెలిగ్రామ్ చాట్‌లకి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, సీక్రెట్ చాట్‌లకే ఉంది. పాత ఫోనుకి యాప్ రాసేవాళ్ల పని తేలికవడానికి అదీ ఒక కారణం.