కాలిబాటకుఁ దగిన దీపము

మన పట్టణములలోని వీథిదీపములు పెక్కు బండ్లకొఱకు నిలుపఁబడినవే గాని కాలినడకఁ బోవువారి కొఱకు కావు. ఎనిమిది మీటర్ల స్తంభముమీఁది దీపము నడివీథిని చక్కఁగా వెలిగించును. ఆ ప్రక్కనే చెట్టునీడలో నడచు వృద్ధునకు మురుగుకాలువపై బండ యున్నదో లేదో కానరాదు. దీపముల లాభనష్టములను లెక్కించునపుడు అతని పాదములయొద్దకుఁ జేరు వెలుఁగును గూడ లెక్కింపవలెను.

మొదట ఖర్చు చూతము. 70 వాట్ల సోడియము దీపము తన చోకుతోఁగూడ ఇంచుమించు 84 వాట్లు తినును. ఆ పనిని 35 వాట్ల ఎల్.ఇ.డి. దీపము చేయఁగలదు, ఏలయన దాని వెలుఁగు నలుదిక్కులకుఁ జెదరక క్రిందికే పోవును. రాత్రికి 11 గంటల చొప్పున ఏఁటికి సుమారు 4,000 గంటలు. మొదటిదానికి 336 యూనిట్లు, రెండవదానికి 140 యూనిట్లు. యూనిటు 7 రూపాయలనుకొన్నచో దీపమొక్కంటికి ఏఁటికి 1,372 రూపాయలు మిగులును. వెలలో 3,000 రూపాయల భేదమున్నను మూఁడవయేఁట తీఱిపోవును. 2014 అక్టోబరున హుద్‌హుద్ తుపాను కొట్టిన పిమ్మట విశాఖపట్టణమున తొంబదివేలకుఁ బైఁగా వీథిదీపములను ఈ విధముగనే మార్చిరి.

సోడియపు పసుపు వెలుఁగున ఎఱ్ఱచీరయు నీలిచీరయు నించుమించుగ నొక్కరీతిఁ దోఁచును. ఎదుటివారి మొగమును గుర్తించుటకు ఎల్.ఇ.డి. మేలు. కాని మిక్కిలి తెల్లని వెలుఁగు కన్నులను మిఱుమిట్లు గొలుపును. ముసలికన్నులకు బాధ మఱింత. 3,000 కెల్విన్లకు మించని దీపములు వాడుఁడని అమెరికా వైద్యసంఘము 2016లోఁ జెప్పినది.

ఇఁక ఎత్తుమాట. భౌతికశాస్త్రము చదువు విద్యార్థు లెఱుఁగుదురు: దూరము సగమైనచో వెలుఁగు నాలుగింత లగును. కావున 4 మీటర్ల యెత్తున చిన్నదీపమే చాలును. అయితే అది పరచు చోటు చిన్నది. వేఱుగా స్తంభములు పాతినచో వానికే సొమ్మంతయు పోవును. ఉన్న స్తంభమునకే, చెట్టుకొమ్మలకు దిగువన, బాటవైపు 15 వాట్ల దీపమును దగిలించుట నా యభిప్రాయమున మంచిపని. దానికి ఏఁటికి 60 యూనిట్లు, అనఁగా 420 రూపాయలు. పైన మిగిలిన సొమ్ములో మూఁడవవంతైనను కాదు.

పెట్టెపై 50,000 గంటలని వ్రాసియున్నను నమ్మి యూరకుండరాదు. దీపపుగింజ చెడకమునుపే, మెఱుపులకును విద్యుత్తు పోటునకును లోపలి డ్రైవరు చెడుచుండును. పోటును తట్టుకొను రక్షణ గలదా యని కొనునపుడే యడుగవలెను.