ఉద్యోగం, ఇల్లు, ఎంబీఏ... మరి నిద్ర?

ఉద్యోగంలో చేరి పదేళ్లయ్యాక ‘ఒక ఎంబీఏ ఉంటే బాగుండేది’ అని చాలామందికి అనిపిస్తుంది. అవకాశాలకూ కొదవ లేదు. ఉస్మానియాలో సాయంత్రం ఎంబీఏ ఉంది. ఐఎస్‌బీలో ఉద్యోగుల కోసం వారం విడిచి వారం, వారాంతాల్లో తరగతులు నడిచే కోర్సుంది. ఇంటి నుంచే చదువుకుంటామంటే ఇగ్నో ఉంది. చేరే ముందు ఫీజెంత, లోను ఎలా, పూర్తయ్యాక జీతం ఎంత పెరుగుతుంది అని ఇంటిల్లిపాదీ కూర్చుని లెక్కలు వేస్తారు. గంటల లెక్క మాత్రం వేయరు. ఏడాది తర్వాత ఆ లెక్క మా ఓపీలో బీపీ మిషన్ మీద తేలుతుంది.

వారానికి ఉన్నవి 168 గంటలు. ఆఫీసుకు 50, ప్రయాణానికి 10, తరగతులకూ చదువుకూ కలిపి 16 అనుకుందాం. రోజుకు 7 గంటల చొప్పున నిద్రకు 49. మిగిలేవి 43 గంటలు, అంటే రోజుకు ఆరు గంటల పైచిలుకు. స్నానం, భోజనం, వంట, పిల్లల హోంవర్క్, పెద్దవాళ్ల మందులు, కూరగాయలు, బంధువుల పెళ్లిళ్లు అన్నీ అందులోనే. కాగితం మీద సరిపోయినట్టే ఉంటుంది. కానీ నెలాఖరున ఆఫీసు 60 గంటలవుతుంది. పాపకు జ్వరం వస్తుంది. అదే వారం అసైన్‌మెంట్ ఉంటుంది. బాసు ఊరుకోడు, ప్రొఫెసర్ ఊరుకోరు, పిల్లలు ఊరుకోరు. ఎంత కోసినా ఊరుకునేది నిద్ర ఒక్కటే.

అదీ కొన్నాళ్లే. 35, 40 ఏళ్ల వయసులో తలనొప్పి, ఎసిడిటీ అంటూ వస్తారు. చూస్తే బీపీ 150/96. ‘ఎన్నింటికి పడుకుంటున్నారు?’ అంటే ‘ఒంటిగంటన్నర అవుతుంది సార్, ఆరింటికి లేవాలి’ అంటారు. ఎప్పటి నుంచని అడిగితే కోర్సు పేరు చెబుతారు. బీపీకి నిద్ర ఒక్కటే కారణం అనను. వంశపారంపర్యం, ఉప్పు, బరువు, పొగతాగడం అన్నీ ఉంటాయి. అయితే ఆరోగ్యవంతుల్లో నిద్రలో బీపీ 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకూ రక్తనాళాలకూ రోజు మొత్తంలో దొరికే విశ్రాంతి అదే. దాన్ని నాలుగు గంటలకు కుదిస్తే ఆ భారం ఎక్కడో పడక తప్పదు.

షుగర్ సంగతీ అంతే. 1999లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఆరోగ్యంగా ఉన్న 11 మంది యువకులను ఆరు రాత్రులపాటు నాలుగు గంటలే నిద్రపోనిచ్చారు. ఆ కొద్దిరోజులకే వారి శరీరం గ్లూకోజును సరిగా వాడుకోలేకపోయింది. నిద్ర తక్కువైతే ఆకలి పెంచే హార్మోను కూడా పెరుగుతుంది. రాత్రి పదకొండింటికి కేస్ స్టడీ ముందు మిక్చర్ ప్యాకెట్ ఖాళీ కావడం తిండిపోతుతనం వల్ల మాత్రమే కాదు.

నిద్ర మానుకుని చదివింది గుర్తుంటుందా?

చదివిన విషయం మెదడులో స్థిరపడేది ఎక్కువగా నిద్రలోనే. అందుకే అర్ధరాత్రి దాటాక లాగిన రెండు గంటల కంటే, పడుకుని లేచి చదివిన గంట నయం. ‘నాకు ఆరు గంటలు చాలు డాక్టర్ గారూ, అలవాటైపోయింది’ అనేవారికి ఒక మాట. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 2003లో వెలువడిన అధ్యయనంలో రెండు వారాలపాటు ఆరు గంటలు, అంతకంటే తక్కువ పడుకున్నవారి ఏకాగ్రత బాగా దెబ్బతింది. ఒకట్రెండు రాత్రులు అసలు నిద్రపోనివారి స్థాయికి చేరింది. తమకు ఇంత తేడా వచ్చిందని వారికే సరిగా తెలియలేదు. నైట్ డ్యూటీలు చేసే మా డాక్టర్లకూ ఇది వర్తిస్తుందనుకోండి.

నాకు ఎక్కువ భయం వేసేది తరగతి అయ్యాక బండి మీద ఇంటికి వెళ్లేవారిని చూసి. పొద్దున ఐదింటికి లేచినవారికి రాత్రి పదింటికి 17 గంటలు పూర్తవుతాయి. అంతసేపు మేల్కొన్నవారి చురుకుదనం కొన్ని పరీక్షల్లో, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవారి స్థాయికి పడిపోయింది. మన మోటారు వాహనాల చట్టం పెట్టిన హద్దు 0.03 శాతమే. పోలీసుల మిషన్‌కు నిద్రమత్తు దొరకదు, అంతే తేడా. తరగతులున్న రోజుల్లో మెట్రోనో బస్సో ఎక్కండి. ఆవలింతలు ఆగకపోతే బండి పక్కన పెట్టి ఇంట్లోవాళ్లకు ఫోన్ చేయండి.

ఎవరి గంటలు ఖర్చవుతున్నాయి?

ఇంట్లో ఆయన చదువుతుంటే ‘నాన్నకు పరీక్షలు’ అని టీవీ కట్టేస్తారు. ఆమె చదువుతుంటే వంటగది సర్దాకే పుస్తకం. ఒకే కోర్సు అయినా నిద్ర నష్టం ఒకటి కాదు. ఆయన ఎంబీఏకు కావాల్సిన 16 గంటల్లో కొన్ని ఆమె గంటల్లోంచే వస్తాయి కాబట్టి ఫీజు కట్టేముందే ఇద్దరూ మాట్లాడుకోవాలి. పిల్లల్ని బస్సెక్కించేది ఎవరు, నాన్నగారి షుగర్ మాత్రలు తెచ్చేది ఎవరు అని పేర్లతో సహా రాసుకోండి. మాత్రలు అయిపోయిన సంగతి పది రోజులకు బయటపడిన ఇళ్లు నేను చూశాను. ఏ పనులు ఈ రెండేళ్లూ మానేస్తారో కూడా రాయండి. ఆ జాబితాలో నిద్ర ఉండకూడదు. గంటలు సరిపోకపోతే కోర్సును సాగదీయండి. ఇగ్నో ఎంబీఏను నాలుగేళ్ల వరకూ పూర్తి చేసుకోవచ్చు.

చేరే ముందు బీపీ, ఫాస్టింగ్ షుగర్, బరువు చూపించుకుని, ఆ తర్వాత మూడు నెలలకోసారి బీపీ చూపించుకోండి. సాయంత్రం తరగతికి ముందే రెండు చపాతీలో, ఉప్మానో తింటే రాత్రి పదిన్నరకు బిర్యానీ మీద పడాల్సిన అవసరం రాదు. కాఫీ ప్రభావం సగానికి తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి నాలుగింటి తర్వాత వద్దు. నిద్ర మాత్రలు షాపులో అడిగి కొనుక్కోకండి, నిద్ర కోసమని మందు మొదలుపెట్టకండి. తీరిక దొరికినా రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా డాక్టర్‌ను కలవండి. టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేయి లాగడం ఉంటే మాత్రం గ్యాస్ అనుకుని మాత్ర మింగి పరీక్షకు వెళ్లకండి. వెంటనే దగ్గర్లోని ఆస్పత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. పరీక్ష మళ్లీ రాసుకోవచ్చు.